చెప్పులు గడప కాడనే ఉన్నయి, నానమ్మ లేదు

దేవరకొండ నుంచి రాసిన చెల్లె, ఐదో తరగతి చదివే నీ కొడుకు బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉంది, గడప కాడ నానమ్మ చెప్పులు ఉన్నయి, లోపల ఎవ్వరు లేరు, గంతే, "అందరు ఎత్తబడ్డరు, నన్నొక్కన్నే ఇడిచిపెట్టిన్రు" అని బజార్ల ఏడ్చుకుంట ఉరికిండని రాసినవ్. పెద్దామెనేమో వట్టి కాళ్ళతోని మిద్దె మీద మిరపకాయలు ఎత్తుతుంది. అప్పటిసంది రాత్రి లేచి నువ్వు మంచం మీద ఉన్నవా లేవా అని తడిమి చూస్తుండంటివి. అత్తమ్మ రోజు ఫోన్ల రాకడ వీడియోలు, అంటే ఏసు మళ్ళ వచ్చి నమ్మినోళ్ళను పైకి ఎత్తుకపోతడనేటివి, పెట్టి వాన్ని పక్కన కూసోబెట్టుకుంటది, వద్దంటే నీకు విశ్వాసం లేదంటది, మీ ఆయన నోరు మెదపడు.

పిలగాన్ని చూసి ఎవ్వరు నవ్వకున్రి. ఆ బుగులు నాకు తెలుసు. 1979 జులైల స్కైలాబ్ అనే అమెరికావోళ్ళ అంతరిక్ష కేంద్రం మీద పడ్తదని మా పాలమూరు దిక్కు ఊర్లల్ల ఉన్న కోళ్ళు కోసుకొని తిన్నరు, మా నాయన గుడ్లు పెట్టే పెట్టను సుత కోయించిండు, నాకు ముక్క గొంతు దిగలే. స్కైలాబ్ పోయి ఆస్ట్రేలియా దిక్కు పడ్డది, మాకు గుడ్లు పోయినయి.

ఆ వీడియోలల్ల బట్టలు కుప్పపడి ఉండుడు, డ్రైవర్ లేని కార్లు గుద్దుకునుడు సినిమావోళ్ళ పని, బైబిల్ల బట్టల కుప్ప ఎక్కడ లేదు. లోకానికి ఏడేండ్ల శ్రమలు వస్తయని, వాటికి ముందుగాల నమ్మినోళ్ళు రహస్యంగ ఎత్తబడుతరనే బోధ 1830ల డార్బీ అనే బోధకుని నుంచే బాగ పాకింది, అన్ని సంఘాలు నమ్మవు, ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ వాళ్ళు గిట్ల చెప్పరు. అమెరికాల ఒకాయన ఎత్తబడేది 2011 మే 21న అని తారీఖే పెట్టిండు, తెల్లారి మే 22 వచ్చింది. అత్తమ్మతోని ఇవి వాదించకు, గెలిచినా ఇంట్ల మాటలు బందైతయి.

చివర్ల ఒక్క లైన్ రాసినవ్ చూడు, మామ పోయి మూడేండ్లని, నాకు సంగతి ఆడ కనవడ్డది. రాకడ అంటే ఆమెకు పెనిమిటి మళ్ళ కలుసుడు, పిలగానికేమో అమ్మ పోవుడు, వీడియో ఒక్కటే. బైబిల్ల థెస్సలొనీకయుల మొదటి పత్రిక నాలుగో అధ్యాయం ఆమెతోనే చదివించు, చచ్చిపోయినోళ్ళ కోసం ఏడ్చేటోళ్ళకు రాసింది అది, ఎత్తబడుడు ఆడనే ఉంది, ఆఖరి వచనం ఈ మాటలతోని ఒకరినొకరు ఆదరించుకోమనే చెప్తది. "అత్తమ్మా, వీనికి ఆదరణ కాలే, బుగులైంది" అను. కోపంగ అనకు. మామ గురించి సుత అడుగు, ఎవ్వరు అడగకపోతే ఫోనే దిక్కైతది ఆమెకు.

మీ ఆయన చెయ్యాల్సింది ఒక్కటే, అన్నం తిన్నంక ఫోన్ తన కాడ పెట్టుకునుడు. గది ఆయనే చెప్పాలె తల్లికి, నీతోని చెప్పియ్యొద్దు.

పిలగాడు వచ్చే టైంకు ఇంట్ల ఒకరు ఉండున్రి, మిద్దె ఎక్కినా కిందికి వినవడేటట్టు పిలువున్రి. రాత్రి తడిమినప్పుడు కసురుకోకు, "ఈడనే ఉన్న" అని చెయ్యి పట్టుకో. రెండు వారాలైనా నిద్ర సక్కగ లేకపోతే పిల్లల డాక్టర్‌కు చూపెట్టు, లేకుంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి, పైసలు పడవు. అత్తమ్మను కథ చెప్పమను, తొంభై తొమ్మిది గొర్లను ఇడిచి తప్పిపోయిన ఒక్కదాని కోసం పోయిన కాపరిది. మీ దిక్కు గొర్ల మందలు రోజు రోడ్డు దాటుతయి, వానికి అర్థమైతది.