యూనిఫాం రాకముందే అప్పా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. వయసు 26. బీడీఎస్, ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాయి. ఒక క్లినిక్‌లో 25 వేల జీతానికి చేస్తున్నాను. సైన్యంలో డెంటిస్టుగా చేరాలని ఉంది. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో ఏది ఎంచుకుంటే డబ్బుపరంగా మేలు? ఎలాగూ మంచి జీతం వస్తుంది కాబట్టి ఇప్పుడే రామాయపట్నం పోర్టు వైపు 14 లక్షల స్థలం మాట్లాడుకుని పాతిక వేలు బయానా ఇచ్చాను. 5 లక్షల చీటీ పాడితే 3.8 లక్షలు చేతికొస్తాయి. తెలిసినవాళ్ళు నూటికి రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు ఇస్తామన్నారు. మిగతాది ఏడాదిలో జీతం మీద కట్టేస్తాను. చదువు అప్పుకి నెలకు 9,500, చీటీకి 10 వేలు కడుతున్నాను. బ్యాంకులో 40 వేలున్నాయి. నాన్న మూడెకరాలు కౌలుకు తీసుకుని రొయ్యలు వేస్తారు. ఇంటి ఖర్చు 20 వేలు ఆయనే చూసుకుంటారు.

జవాబు: డాక్టరు గారూ, మీరు అడిగింది ఏ దళం మంచిదని. నాకు మాత్రం ఉత్తరంలో ఆ బయానా పాతిక వేలే కనబడుతున్నాయి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. బ్యాంకు పరీక్ష రాసినవాళ్ళు, డీఎస్సీ రాసినవాళ్ళు, వీసాకి పెట్టుకున్నవాళ్ళు అందరిదీ ఇదే వరస. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అందుకే మీకు విడిగా రాయకుండా ఇక్కడే చెబుతున్నాను.

ముందు మీ ప్రశ్న తేల్చేద్దాం. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వేర్వేరుగా డెంటిస్టులను తీసుకునేది అమెరికాలో. మీరు వీడియోలేమైనా చూసి ఉంటే అవి అక్కడివై ఉంటాయి. మన దగ్గర దంతవైద్యులకు ఉన్నది ఒకటే గుమ్మం, ఆర్మీ డెంటల్ కోర్. 1941లో మొదలైంది. నేవీలో, ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసే దంతవైద్యులు కూడా ఈ కోర్ నుంచి వెళ్ళినవాళ్ళే. కాబట్టి మీరు ఎంచుకోవడానికి ఏమీ లేదు. చేరాక విశాఖ నేవీ ఆసుపత్రికి పంపుతారో, లద్దాఖ్ పంపుతారో వాళ్ళ ఇష్టం.

దారి ఇది. బీడీఎస్ చివరి ఏడాదిలో 55 శాతం మార్కులుండాలి. దంతవైద్య పీజీ ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్ రాయాలి, ఆ స్కోరుతోనే ఇంటర్వ్యూకి పిలుస్తారు. తర్వాత మెడికల్ పరీక్ష. 45 ఏళ్ళ లోపు వరకు అవకాశం ఉంది కనుక వయసు గురించి మీకు తొందర లేదు. కానీ పోస్టులు ఏటా పదుల్లోనే, పోటీ దేశమంతటా. నోటిఫికేషన్ నుంచి చేరే రోజు దాకా నెలలు గడుస్తాయి. ఇంటర్వ్యూ బాగా చేసి మెడికల్‌లో ఆగిపోయినవాళ్ళూ ఉంటారు. ఆ నెలలన్నీ రెండు రూపాయల వడ్డీ మాత్రం ఆగదు.

జీతం సంగతి మీరన్నది నిజమే. కెప్టెన్ హోదాలో తీసుకుంటారు. బేసిక్ 61,300. దాని మీద 20 శాతం నాన్ ప్రాక్టీసింగ్ అలవెన్స్, 15,500 మిలిటరీ సర్వీస్ పే, పైన డీఏ. లక్ష దాటుతుంది. అయితే ఇది షార్ట్ సర్వీస్ కమిషన్. మొదట ఐదేళ్ళు, పొడిగిస్తే మొత్తం 14. గ్రాట్యుటీ ఇస్తారు, పెన్షన్ ఉండదు. పర్మనెంట్ కమిషన్‌కి, అంటే రిటైరయ్యే దాకా ఉండే ఉద్యోగానికి, లోపల ఉంటూ ప్రయత్నించవచ్చు, అందరికీ రాదు. ప్రాక్టీసు చేయకూడదనే ఆ అలవెన్స్ ఇచ్చేది, కాబట్టి సాయంత్రం క్లినిక్ ఆశ కూడా వదులుకోవాలి. ఐదేళ్ళకి బయటికొస్తే మీకు 32 ఉంటాయేమో. అప్పుడు కావలిలో సొంత క్లినిక్ పెట్టాలంటే ఛైర్, ఎక్స్‌రే, ఆటోక్లేవ్, అడ్వాన్సు అద్దె అన్నిటికీ డబ్బు కావాలి. స్థలం అప్పుడు చూసుకోవచ్చు. పోర్టు ఎక్కడికీ పారిపోదు.

ఇక అసలు విషయం. 25 వేలలో అప్పుకి 9,500, చీటీకి 10 వేలు పోగా మిగిలేది 5,500. చీటీ పాడినా నెలనెలా కట్టక తప్పదు. ఆ 6 లక్షలు తెస్తే నెలకు వడ్డీయే 12 వేలు. అంటే ప్రతి నెలా 6,500 లోటు. బ్యాంకులోని 40 వేలు ఆరు నెలలు ఈడుస్తాయి. ఏడో నెల ఏం చేస్తారు? అమ్మ గొలుసు తాకట్టుకి పోతుంది. ఈ లెక్క మీరు ఒక చీటీ కాగితం వెనకాల రాసుకున్నా తేలేది. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. తెలిసినవాళ్ళిచ్చారని వడ్డీ తగ్గదు. పైగా ప్రోనోటు మీద నాన్న గారి సంతకం కూడా అడుగుతారు, చూడండి.

ఇంటి ఖర్చు నాన్న చూసుకుంటారని ఒక్క ముక్కలో రాసేశారు. రొయ్యల చెరువు నెల జీతం కాదు కదా. మేత డీలరు దగ్గర అరువు, పట్టుబడి అయ్యాక లెక్క. వైట్‌స్పాట్ తెగులు వస్తే పంట సగంలోనే పోతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచితే ఇక్కడ కౌంట్ ధరలు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన ఇచ్చే ధరలు) ఎలా పడ్డాయో మీ ఇంట్లోనే చూసి ఉంటారు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే తెగిన వారం నాకొచ్చిన ఫోన్లన్నీ ఒకటే అడిగాయి, గోల్డ్ లోను ఎక్కడ త్వరగా ఇస్తారని. వాళ్ళలో స్థలాలున్నవాళ్ళు చాలామంది. చేతిలో మూడు నెలల ఖర్చు ఉన్నవాళ్ళు మాత్రం లేరు.

ఒక పంట పోతే ఆ 20 వేలు మీ నెత్తిన పడతాయి. అప్పుడు చదువు అప్పు, చీటీ కలిపి మీ నెల అవసరం 39,500. ఆరు నెలలకి 2,37,000. రెండున్నర లక్షలు అనుకోండి. స్థలం కాదు, క్లినిక్ కాదు, మీ మొదటి ఆస్తి ఇదీ. 40 వేలతో మొదలుపెట్టి నెలకు 5,500 వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాకి ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్‌పే కలపకండి. ఏడాదికి లక్ష దాటుతుంది. ఈలోగా సెలెక్ట్ అయితే మొదటి నాలుగు నెలల జీతంతో మిగతాది నిండిపోతుంది. చీటీ ఇప్పుడు పాడొద్దు. 1.2 లక్షలు వదులుకునేంత అవసరం మీకు రాలేదు. నిజంగా ఆసుపత్రి ఖర్చు వచ్చిపడితే అదే మీ ఆఖరి అస్త్రం.

మిగతావి రెండు మాటల్లో. సైన్యంలో గ్రూపు ఇన్సూరెన్స్ ఉంటుంది, అది ఉద్యోగంతో ముడిపడింది. సొంత టర్మ్ పాలసీ విడిగా తీసుకోండి, సైన్యానికి వెళ్ళే ఉద్దేశం దాచకుండా రాయండి. అమ్మానాన్నలకి ఆరోగ్య బీమా ఇప్పుడే చేయించండి. మిలిటరీ ఆసుపత్రి చూసుకుంటుందిలే అనుకోవద్దు, ఆధారపడ్డ తల్లిదండ్రులకి ఆదాయ పరిమితి ఉంది, కావలి నుంచి ఆ ఆసుపత్రి దూరమూ ఉంది. చేరాక సైనికాధికారుల ప్రావిడెంట్ ఫండ్ అయిన డీఎస్ఓపీ ఫండ్‌లో వేసుకోండి. మ్యూచువల్ ఫండ్ల సంగతి రెండున్నర లక్షలు నిండాక రాయండి, చెబుతాను.

ఈ వారంలోనే స్థలం వాళ్ళ దగ్గరికి వెళ్ళి బయానా కాగితం చూపించి డబ్బు వెనక్కి అడగండి. నాన్నను వెంట తీసుకెళ్ళండి. సగమిచ్చినా పుచ్చుకుని రండి. అసలే ఇవ్వకపోతే పాతిక వేలు పోనివ్వండి. ఆ 6 లక్షలకి రెండు నెలలు వడ్డీ కట్టినా పోయేది దాదాపు అంతే.