నీరసం 30 శాతమైతే లాంగ్ కోవిడ్ 30 శాతమేనా?

ప్రశ్న: కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. 2021 సెకండ్ వేవ్‌లో పాజిటివ్ వచ్చిన 300 మందికి ఫోన్ చేస్తే 180 మంది ఎత్తారు. వాళ్లలో 54 మంది నీరసంగా ఉంటోందన్నారు. ‘లాంగ్ కోవిడ్ 30 శాతం’ అని థీసిస్‌లో రాయొచ్చా? ఏ స్టాటిస్టికల్ టెస్టు (గణాంక పరీక్ష) వేయాలి?
– పీజీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: అలా రాయకండి. టెస్టు సంగతి ఆఖర్న చూద్దాం, ముందు ఫోన్ ఎత్తని ఆ 120 మంది మాట. వాళ్లలో ఒక్కరికీ నీరసం లేదనుకుంటే 300లో 54, అంటే 18 శాతం. అందరికీ ఉందనుకుంటే 174, అంటే 58 శాతం. మీ 180 మందికే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు శాతం ఉండొచ్చనుకునే హద్దులు) వేస్తే 23 నుంచి 37 శాతం వస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ అందులో ఈ 120 మంది లేరు. రాత్రి ఏడు దాటాక ఒకసారి, ఆదివారం ఒకసారి మళ్లీ చేసి చూడండి. అప్పటికీ దొరకనివాళ్ల వయసు, ఆడా మగా, ఆస్పత్రిలో చేరారా లేదా అన్నవి ఎత్తినవాళ్ల వివరాల పక్కన పట్టిక వేయండి.

అసలు లోపం పోల్చడానికి ఎవరూ లేకపోవడం. కోవిడ్ రానివాళ్లూ నీరసమనే అంటారు, అదీ రోహిణి కార్తెలో గుంటూరులో అడిగితే! 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన నెదర్లాండ్స్ లైఫ్‌లైన్స్ అధ్యయనం చూడండి. మూడు నుంచి ఐదు నెలల తర్వాత ప్రధాన లక్షణాల్లో ఒక్కటైనా పెరిగినవాళ్లు కోవిడ్ వచ్చినవారిలో 21.4 శాతం, రానివారిలో 8.7 శాతం. ఈ రెంటి తేడా, అంటే కోవిడ్ ఖాతాలో వేయగలిగింది 12.7 శాతం మాత్రమే, అంటే సుమారు ఎనిమిది మందిలో ఒకరు.

పోలిక గుంపును అదే పేట నుంచి, అయిదేళ్ల వయసు తేడా లోపు, అదే పని చేసేవాళ్లను తీసుకోండి. మిర్చి యార్డులో టిక్కీలు మోసేవారి దగ్గును ఆఫీసు ఉద్యోగి దగ్గుతో పోలిస్తే మీరు కొలిచేది కోవిడ్‌ను కాదు, మిరప ఘాటును. రెండు గుంపులకూ ఒకే వారంలో ఫోన్ చేయండి. ‘నాకు రాలేదు’ అన్నవాళ్లను రక్తపరీక్షతో తేల్చుకుందామంటే కుదరదు: కోవిషీల్డ్ టీకాతోనూ స్పైక్ (వైరస్ పైనుండే ముళ్ల ప్రోటీన్) యాంటీబాడీలు వస్తాయి, కోవాగ్జిన్ పూర్తి వైరస్ టీకా కాబట్టి న్యూక్లియోక్యాప్సిడ్ (వైరస్ లోపలి ప్రోటీన్) యాంటీబాడీల పరీక్షకూ అదే తంటా. తెలియకుండా వచ్చిపోయినవాళ్లు ఈ గుంపులో కలిస్తే తేడా అసలుకన్నా తగ్గి కనిపిస్తుంది. ఆ మాట దాచకుండా రాసేయండి.

‘కోవిడ్ తర్వాత నీరసంగా ఉందా?’ అని అడిగితే సగం జవాబు మీరే అందించినట్టు. లక్షణాలన్నీ రాసుకున్నాకే కోవిడ్ ఊసెత్తండి. ‘ముందు చేసే ఏ పని మానేశారు, ఎప్పటినుంచి?’ అనండి. డబ్ల్యూహెచ్‌ఓ 2021 నిర్వచనం ప్రకారం కోవిడ్ మొదలైన మూడు నెలలకు ఆ బాధ ఉండాలి, కనీసం రెండు నెలలు సాగాలి, వేరే జబ్బు దానికి కారణం కాకూడదు. హీమోగ్లోబిన్, థైరాయిడ్ చూడని నీరసం వట్టి నీరసమే.

ఇక టెస్టు. కోవిడ్ వచ్చిన ఒక్కొక్కరికీ పోలిక గుంపులో ఒకరిని జత కట్టి తీసుకుంటే, విడి గుంపులకు వేసే మామూలు చై-స్క్వేర్ టెస్టు కాదు, జతలకు వేసే మెక్‌నెమార్ టెస్టు. మిగతా అంశాల ప్రభావాన్ని కూడా సర్దాలంటే, జతలను లెక్కలోకి తీసుకునే కండిషనల్ లాజిస్టిక్ రిగ్రెషన్. కోవిడ్‌కు ముందున్న షుగర్‌ను అందులో పెట్టండి, తర్వాత బయటపడినదాన్ని పెట్టొద్దు. అది కోవిడ్ ఫలితమే అయితే, మీరు వెతుకుతున్నదాన్ని మీరే చెరిపేసినట్టవుతుంది. ఇరవై లక్షణాలకు ఇరవై టెస్టులు వేస్తే నిజంగా తేడా ఏమీ లేకపోయినా, ఒకదాని పి-విలువ (తేడా లేకున్నా యాదృచ్ఛికంగా ఇంత కనిపించే అవకాశం) 0.05 కిందికి దిగడం మామూలే. నీరసం, ఆయాసం, మతిమరుపు... ఇలా రెండు మూడు ముందే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: అమెరికా వాళ్ల స్కోరు 12 వస్తే లాంగ్ కోవిడ్ అట. నీరసంతో లేవలేకపోతున్నా, దానికి ఒక్క మార్కేనా?
– పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: 2023లో అమెరికాలోని రికవర్ అధ్యయనం 9,764 మంది మీద, చాలా లక్షణాల్లోంచి పనికొచ్చేవాటినే ఏరే లాసో అనే గణాంక పద్ధతితో కట్టిన స్కోరు అది. 37 లక్షణాల్లో 12 లక్షణాలే స్కోరులో మిగిలాయి. వాసన, రుచి పోతే 8 మార్కులు, కాస్త శ్రమపడ్డాక కుప్పకూలితే 7, నీరసానికి 1. ఆ మార్కులు బాధకు కాదండీ. కోవిడ్ వచ్చినవాళ్లను రానివాళ్ల నుంచి ఆ లక్షణం ఎంత బాగా విడదీస్తుందో, దానికి. నీరసం రెండు వైపులా ఉంది. స్కోరు పరిశోధన కోసం కట్టినది, మీ జబ్బు తేల్చడానికి కాదు. పని చేసిన మర్నాడు మంచాన పడుతుంటే మీ డాక్టరుకు ముందు ఆ సంగతి చెప్పండి.