పదిహేనేళ్లకు చేరిన కారు: ఖర్చు పెట్టాలా, వదిలించుకోవాలా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: నేను జూనియర్ కళాశాల అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ పొంది హనుమకొండలో ఉంటున్నాను. 2011 డిసెంబరులో కొన్న పెట్రోలు స్విఫ్ట్ కారు అదే ఏపీ 36 నంబరుతో ఇప్పటికీ నడుపుతున్నాను. 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. ఇన్నేళ్లలో దారి మధ్యలో ఆగిపోయి మమ్మల్ని ఇబ్బంది పెట్టిన సందర్భం లేదు. ఊళ్లో పనులు, పరకాలలో ఉన్న మా అక్కయ్య ఇల్లు, నెలకోసారి హైదరాబాదు కలిపి ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లకు మించి తిరగము. ఈమధ్య స్పీడ్ బ్రేకర్ల మీద ముందు చక్రాల దగ్గర టకటకమని శబ్దం వస్తున్నది, క్లచ్ బరువెక్కింది, ఏసీ చల్లదనం తగ్గింది. షెడ్డులో చూపిస్తే ముందు షాకబ్జార్లు, బుష్‌లు కలిపి 13,500, క్లచ్ సెట్టు 8,500, ఏసీ కంప్రెసర్ 19,000, ఇంజన్ మౌంటింగులు 4,500, ఇంజన్ డీకార్బనైజింగ్ (లోపలి మసి తీయడం) 3,500, మొత్తం 49,000 రూపాయల అంచనా రాసిచ్చారు. లక్షన్నర కూడా పలకని బండికి యాభై వేలు పెట్టడం ఏమిటని హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి కోప్పడుతున్నాడు. పైగా పదిహేనేళ్లు దాటితే బండిని రోడ్డెక్కనివ్వరని అందరూ అంటున్నారు. ఏం చేయమంటారు? — విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ

జవాబు: మీ అబ్బాయి చెప్పిన అంకెల్లో తప్పు లేదు కానీ, వాటిని పెట్టవలసిన చోట పెట్టలేదు. కారు అమ్మితే ఎంత వస్తుందన్నది అమ్మదలచుకున్న నాడు చూసుకోవలసిన సంగతి. నడుపుకోదలచినప్పుడు చూడవలసింది ఈ కారుతో ఒక ఏడాది గడవడానికి ఎంత అవుతుంది, దీని స్థానంలో మరొకటి తెచ్చుకుంటే అదే ఏడాదికి ఎంత అవుతుంది అన్న రెండు లెక్కలు మాత్రమే.

రెండో లెక్క ముందు చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే. అయినా చేతి నుంచి రెండు లక్షలు పెట్టి, ఐదు లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్ల గడువు మీద అప్పు తీసుకున్నారనుకుంటే నెలకు సుమారు 10,380 రూపాయల వాయిదా పడుతుంది. ఏడాదికి అది లక్షా ఇరవై నాలుగు వేలు దాటుతుంది. ఐదేళ్లలో వడ్డీయే లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. కొత్త కారు లీటరుకు 19, మీది 14 ఇస్తాయనుకున్నా, మీరు తిరిగే ఆరు వేల కిలోమీటర్లకు ఆదా అయ్యేది 113 లీటర్ల లోపే, అంటే పన్నెండు వేల రూపాయలు. ఇక మీ కారు సంగతి: ఈ 49,000 మొత్తం ఖర్చు పెట్టినా, మామూలు సర్వీసింగు, బీమా కింద మరో ఇరవై వేలు వేసుకున్నా, మొదటి ఏడాది డెబ్బై వేలు దాటదు. వచ్చే ఏడాది ఈ పనులు మళ్లీ ఉండవు. నెలనెలా వేల కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీ యజమాని అయితే నేను వేరే మాట చెప్పేవాణ్ణి. మీ వాడకానికి మాత్రం కారు ఉంచుకోవడమే లాభం.

అయితే ఆ 49,000 ఖర్చు పెట్టమని కాదు. అందులో అవసరమైనది కొంత, అనుమానం కొంత, అనవసరం కొంత కలిసి ఉన్నాయి.

స్పీడ్ బ్రేకర్ల మీద టకటక శబ్దానికి షాకబ్జార్ల కంటే ముందు అనుమానించవలసినవి లింక్ రాడ్లు. సస్పెన్షనులో ఉండే ఆ సన్నని కడ్డీల చివర్లలో ఉండే చిన్న బాల్ జాయింట్లు అరిగితే చక్రం ఎగిరిన ప్రతిసారీ చప్పుడు చేస్తాయి. ఇవి షాకబ్జార్లతో పోలిస్తే చాలా చవక, విప్పి బిగించడానికి గంట కూడా పట్టదు. షాకబ్జార్లు పోయాయో లేదో మీరే చూసుకోవచ్చు. బండిని చదునైన చోట నిలిపి, బానెట్ మూలను రెండు చేతులతో గట్టిగా అదిమి వదిలేయండి. ఒకసారి లేచి నిలిచిపోతే షాకబ్జారు పనిచేస్తున్నట్లే. రెండు మూడు సార్లు ఊగితే, లేదా చక్రం వెనుక వంగి చూసినప్పుడు దాని గొట్టం మీద జిడ్డుగా ఆయిల్ కారి దుమ్ము అట్ట కట్టి కనిపిస్తే, మార్చవలసిందే. మార్చేటప్పుడు ఎడమ, కుడి రెండూ కలిపి మార్చాలి, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరిగా చేయించాలి. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్‌లను టార్చి వెలుగులో చూడండి. రబ్బరు నెర్రెలు బారితే వాటి కాలం అయిపోయినట్లే. బుష్‌లు వాయిదా వేయకూడదు. అవి పోతే స్టీరింగు ఒక పక్కకు లాగడం, కొత్త టైర్లు లోపలి అంచున అరిగిపోవడం మొదలవుతాయి.

క్లచ్ విషయంలో బరువు ఒక్కటే ప్లేట్లు అరిగాయనడానికి రుజువు కాదు. ఒక్కోసారి కేబులు పాతబడినా పెడలు బరువెక్కుతుంది. ఖాళీగా ఉన్న రోడ్డు మీద నాలుగో గేరులో మెల్లగా వెళ్తూ ఒక్కసారి ఆక్సిలరేటర్ తొక్కి చూడండి. ఇంజన్ శబ్దం పెరిగి బండి వేగం దానితో పాటు పెరగకపోతే ప్లేట్లు జారుతున్నాయని అర్థం. అప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపే వేయించండి. గేర్ బాక్సు దించడానికే కూలి ఎక్కువ పడుతుంది కాబట్టి, బేరింగు దగ్గర నాలుగు డబ్బులు మిగుల్చుకుని ఆరు నెలలకు మళ్లీ గేర్ బాక్సు దించడం తెలివైన పని కాదు.

అంచనాలో నాకు నచ్చనిది 19,000 రూపాయల కంప్రెసరు. చల్లదనం క్రమంగా తగ్గిందంటే ఎక్కువసార్లు గ్యాసు ఎక్కడో కొద్దికొద్దిగా కారుతున్నదని, లేదా ముందున్న కండెన్సరు (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) దుమ్ముతో పూడుకుపోయిందని అర్థం. ఏసీ పని మాత్రమే చేసే దుకాణంలో నైట్రోజన్ ఎక్కించి లీకు పరీక్ష చేయించండి. ఒక ఓ-రింగు, ఒక పైపు మార్చి గ్యాసు నింపితే సరిపోయే పనికి కంప్రెసరు మార్చిన బళ్లు కొల్లలు. కంప్రెసరు మాగ్నెటిక్ క్లచ్ అంటుకోకపోయినా ముందు ఆ క్లచ్, దాని రిలే, వైరింగు చూడాలి. లోపలి నుంచి లోహం గీసుకున్న శబ్దం వస్తేనే కంప్రెసరు మాట ఎత్తాలి. మే నెలలో మన ఓరుగల్లు ఎండ 43, 44 డిగ్రీలకు చేరినప్పుడు ఏసీ సోకు కాదని నేనూ ఒప్పుకుంటాను. అందుకే దీనిని వేసవికి ముందే తేల్చుకోండి. ఇంజన్ మౌంటింగులను, బండి స్టార్టులో ఆగి ఉన్నప్పుడు స్టీరింగు వణికితే మార్చండి, లేకపోతే ఆగవచ్చు. మైలేజీ, పికప్ బాగున్న బండికి డీకార్బనైజింగ్ పేరుతో 3,500 దండగ.

మీ అంచనాలో లేనివి, ఉండవలసినవి మరికొన్ని ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం గలది కనుక రెండేళ్లకు ఒకసారి మార్చాలి. పదిహేనేళ్లలో ఒక్కసారీ మార్చని కార్లను చూసి నేను ఆశ్చర్యపడడం మానేశాను. రేడియేటరు గొట్టాలను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కి చూడండి: కర్రలా బిగుసుకుపోయినా, మెత్తగా ఉబ్బినా మార్చండి. రేడియేటరు మూత కూడా ఇంజన్ చల్లారిన తర్వాతే తీసి చూడండి. లోపల తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే ఎవరో ఎప్పుడో బోరు నీళ్లు పోశారన్నమాట. మన ప్రాంతపు బోరు నీళ్లలోని ఉప్పు రేడియేటరు సన్నని గొట్టాలలో పేరుకుని ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కేలా చేస్తుంది. శుభ్రం చేయించి కంపెనీ చెప్పిన కూలెంటే పోయించండి. టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగే కార్లకు గాడులు మిగిలే ఉంటాయి, రబ్బరు మాత్రం గట్టిపడిపోతుంది. ఆరేళ్లు దాటిన టైర్లతో హైదరాబాదు దారిలో వేగంగా వెళ్లవద్దు. మీ కారు ఇంజన్‌కు వాల్వులను సరైన సమయానికి కదిలించే టైమింగ్ చెయిన్ ఉంటుంది కాబట్టి, బెల్టు మార్చాలని ఎవరైనా అంటే అది ఆల్టర్నేటరు, వాటర్ పంపులను తిప్పే బెల్టు అని తెలుసుకుని మాట్లాడండి.

పదిహేనేళ్ల నిబంధన గురించి మీరు విన్నది ఢిల్లీ కథ. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాల మీద హరిత ట్రిబ్యునల్, ఆ తర్వాత 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఢిల్లీకి, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించినవి. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లకు ముగుస్తుంది, బండి కండిషన్‌లో ఉంటే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. మీది 2026 డిసెంబరుతో ముగుస్తుంది. గడువుకు అరవై రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేయవచ్చు. కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేశారు. రాష్ట్రానికి కట్టే హరిత పన్ను వేరు. ఆలస్యమైతే నెలనెలా అదనపు రుసుము పడుతుంది. ఏపీ 36 నంబరు పలక చెల్లుతుందా అని సందేహపడనక్కరలేదు, అది మార్చుకోవలసిన పని లేదు. సస్పెన్షను, బ్రేకు, హెడ్‌లైట్ల పనులు ఆ తనిఖీకి ముందే చేయిస్తే ఒకే ఖర్చు రెండు విధాల ఉపయోగపడుతుంది.

బీమా విషయం కూడా చెప్పాలి. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ కార్లకు థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) ప్రీమియం 2022 నుంచి 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. ఈ వయసు కారుకు పూర్తి బీమా తీసుకున్నా, క్లెయిము నాడు ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద సగం, పదేళ్లు దాటిన బండి లోహపు భాగాల మీదా సగం తరుగుదల కోసేసి మిగిలింది ఇస్తారు. అందుకని థర్డ్ పార్టీకి యజమాని ప్రమాద బీమా జోడించుకుని, మిగిలిన డబ్బును మరమ్మతులకు పక్కన పెట్టడం మీకు నయం. నెలకు మూడు వేలు వేరే ఖాతాలో వేస్తూ పోతే, ఒక ఏడాది ఏమీ ఖర్చు లేకపోయినా మరో ఏడాది ఒక్కసారిగా నలభై వేలు వచ్చి పడ్డా ఇంట్లో మాట పట్టింపు రాదు.

ఈ కారును ఎప్పుడు వదిలేయాలన్నది కూడా ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. లిఫ్టు మీద ఎత్తించి చూసినప్పుడు సస్పెన్షను బిగించే చోట్ల, కింది అడ్డ చట్రంలో తుప్పు తినేసి రేకు ఊడుతుంటే, లేదా ఇంజన్ బాగా వేడెక్కి హెడ్ (ఇంజన్ పై భాగం) వంగి ఆయిల్ మూత లోపల పాల మీగడలా తెల్లని నురగ కనిపిస్తే, ఆ తర్వాత పెట్టే డబ్బు తిరిగి రాదు. ఈ రెండూ లేనంత వరకు మీ కారుకు మరో ఐదేళ్లు ఢోకా ఉండదని నా అభిప్రాయం.

ప్రశ్న: మాది 2008 నాటి శాంత్రో. 2023లో రిజిస్ట్రేషను పొడిగించుకున్నాము. ఇప్పుడు బంకుల్లో పోసేదంతా ఇథనాలు కలిపిన పెట్రోలే అంటున్నారు. పాత ఇంజన్ పాడైపోతుందా? మైలేజీ కూడా తగ్గినట్లు అనిపిస్తున్నది. — ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఇప్పుడు వస్తున్నది ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలే. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో దీనికి తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు వాడుతున్నారు. మీది అంతకు పదిహేనేళ్ల ముందుది. మైలేజీ తగ్గడం మీ అపోహ కాదు. లీటరు ఇథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ కాబట్టి, కలిపిన మేరకు మైలేజీ తగ్గక తప్పదు.

ఇంజన్ వెంటనే పాడవుతుందని భయపడవద్దు. చూడవలసింది ఇంధనం ప్రవహించే దారిని. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఉన్న రబ్బరు గొట్టాలు, ఓ-రింగులు, ఇంజెక్టరు సీళ్లు పాతవైతే ఉబ్బడం, పగలడం జరుగుతుంది. ఉదయం కారు తలుపు తీయగానే, లేదా బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన వస్తే ఆ రోజే షెడ్డుకు తీసుకెళ్లండి, ఎందుకంటే అది ఖర్చు విషయం కాదు, అగ్ని ప్రమాదం విషయం. ఇథనాలుకు తట్టుకునే గొట్టాలు అడిగి వేయించండి. పదిహేడేళ్ల గొట్టాలను పెట్రోలులో ఏమున్నా మార్చవలసిందే అని కూడా గుర్తుంచుకోండి. ఫ్యూయల్ ఫిల్టరు ఈ ఒక్కసారి ముందుగానే మార్పించండి. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని ఇథనాలు కరిగించి తెస్తుంది.

మీ కారుకు చెయిన్ కాదు, టైమింగ్ బెల్టు ఉంటుంది. అది చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు దొరకకపోతే మార్చలేదనే అనుకుని మార్పించండి, దానితో పాటే టెన్షనరు, వాటర్ పంపు కూడా. నడుస్తుండగా బెల్టు తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగి, చిన్న ఖర్చుతో పోయేది ఇంజన్ పని దాకా వెళుతుంది. ఇథనాలు కంటే నాకు మీ కారు విషయంలో ఎక్కువ దిగులు ఈ బెల్టు గురించే.

ప్రశ్న: కొడుకు విదేశంలో ఉండడం వల్ల కారు నెలలో రెండు మూడు రోజులే తీస్తాము. తిరగని బండికి ఏడాదికోసారి సర్వీసింగు అవసరమా? — ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: అవసరమే. ఇంజన్ ఆయిల్‌ను పది వేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. వారానికి ఒకసారి అక్కడే స్టార్టు చేసి ఐదు నిమిషాలకు ఆపేయడం వల్ల బ్యాటరీ నిండదు, సైలెన్సరులో నీరు చేరడం తప్ప ప్రయోజనం లేదు. ఇరవై కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. టైర్లలో గాలి సరిచూస్తూ ఉండండి. మీ ఇంటి చుట్టూ పొలాలు ఉంటే అసలు ఖర్చు ఎలుకలతోనే వస్తుంది. ఒక్క రాత్రి వైరింగు కొరికితే ఏడాది సర్వీసింగు డబ్బు దానికే సరిపోతుంది. కారు పక్కన వడ్ల బస్తాలు, దాణా ఉంచవద్దు, రాత్రిపూట బానెట్ కొద్దిగా ఎత్తి ఉంచండి, కవరు నేలను తాకేలా కప్పవద్దు.