ఆ బృందంలో పొద్దున క్లాసు ఎవరు చెబుతారో ముందు అడగండి

"మా అమ్మాయి పదేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. వేర్వేరు దేశాల నర్తకులతో సంప్రదాయ నృత్యాలనూ పాశ్చాత్య కాంటెంపరరీ నృత్యాన్నీ కలిపి చేసే ఒక బృందం ఆడిషన్‌కు పిలిచింది. చేరితే ఇన్నేళ్ళు నేర్చుకున్నది పాడవుతుందా?" అని మీరు అడిగారు.

అలాంటి బృందంలో రెండేళ్ళు కూచిపూడి నర్తకిగా చేశాను. పాడవదండీ. పాడైన వాళ్ళను కూడా చూశాను గానీ, వాళ్ళకు చెడు చేసింది పక్కనున్న నృత్యం కాదు. రోజూ పొద్దున రిహార్సల్‌కు ముందు బృందమంతా కలిసి గంటన్నర క్లాసు చేస్తారు. ఆ క్లాసు ఎవరు చెబుతారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. మా బృందంలో ఎప్పుడూ కాంటెంపరరీ క్లాసే, వారానికొకసారి బ్యాలే. పదకొండు మందిలో ఐదుగురం వేరే నృత్యాల నుంచి వచ్చాం. మేం ఐదుగురం వాళ్ళ క్లాసు చేశాం. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే మన భంగిమలో, పది నిమిషాలు నిలబడి చూద్దామని మిగతా ఆరుగురిలో ఒక్కరికీ అనిపించలేదు. పోస్టరు మీద మాత్రం "సంస్కృతుల సంగమం" అని వేశారు. ఒకవైపు నుంచే నీళ్ళు వస్తుంటే దాన్ని సంగమం అనరు.

మొదటి నెలలోనే నా అరమండి కాస్త పైకి లేచింది. అద్దంలో చూసి భయపడ్డాను. రోజంతా పైకి సాగదీసే పని, నేల మీద దొర్లే పని చేస్తూ ఉంటే మోకాళ్ళు కిందికి కూర్చోవడం మరిచిపోతాయి. అప్పటి నుంచి అందరికంటే గంట ముందే స్టూడియోకు వెళ్ళి నా అడుగులు నేను మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వేసుకునేదాన్ని. మీ అమ్మాయి ఈ ఒక్క పని వదలకపోతే చాలు, మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కదిలేది ఒక చెక్క పలక. మా బృందంలో ఒక ఫ్లామెంకో నర్తకి ఉండేది, ఫ్లామెంకో అంటే స్పెయిన్ నృత్యం. నాకూ ఆవిడకూ కలిపి ఏడు నిమిషాల యుగళం పెట్టారు. ఫ్లామెంకో బూట్లకు ముందు భాగంలోనూ మడమలోనూ చిన్న చిన్న మేకులు కొట్టి ఉంటాయి. ఆ చప్పుడే ఆ నృత్యానికి వాయిద్యం. మా స్టూడియో నేల మీద వినైల్ అనే ప్లాస్టిక్ షీటు పరిచి ఉండేది. బూట్లతో చేస్తే షీటు చిరుగుతుందని ఆవిణ్ణి మెత్తటి చెప్పులతో చేయమన్నారు. నా సంగతీ అంతే. వినైల్ మీద ఉత్త పాదంతో తట్టితే చప్పుడు ఆ షీటులోనే ఇంకిపోతుంది. వారం రోజులు ఇద్దరం మూగవాళ్ళలా ఆడాం. ఆవిడ గట్టిగా పట్టుబట్టాక ఒక ప్లైవుడ్ పలక తెచ్చి వేశారు. ఇద్దరం దాని మీదే చేయాలి.

ఆవిడ మేకులకు పలక పెచ్చులు లేచేది, ఆ పెచ్చులు నా పాదాల్లో దిగేవి. సాయంత్రం పట్టకారుతో తీసుకుంటూ కూర్చుంటే ఒకరోజు చూసింది. మర్నాడు నేను నా గంట ముందు సాధనకు వెళ్ళేసరికి, పలక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గరుకు కాగితంతో దాన్ని నున్నగా రుద్దుతోంది. ఆ తర్వాత ప్రదర్శన అయ్యేదాకా రోజూ రుద్దింది. ఒకరి నృత్యాన్ని ఒకరు గౌరవించడం గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. నాకు గుర్తొచ్చేది మాత్రం ఆ గరుకు కాగితం చప్పుడే.

ఇక లెక్క దగ్గర అసలు గొడవ మొదలైంది. కొరియోగ్రాఫర్ అన్నిటినీ 8 కౌంట్లలో లెక్కపెట్టేవారు. ఫ్లామెంకోలో పెద్ద చక్రం 12 కౌంట్లది. దాన్ని చాలాసార్లు 12తోనే మొదలుపెట్టి 12, 1, 2, 3 అంటూ వెళతారు. ఊనికలు 12, 3, 6, 8, 10 మీద పడతాయి. ఆయన 8, ఆవిడ 12, మధ్యలో నేను. మూడు రోజులు ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకున్నాం. నాలుగో రోజు భోజనాల దగ్గర ఆవిడ బల్ల మీద చేత్తో ఆ చక్రం వేస్తూ కూర్చుంది. వింటూ వింటూ నా నోటి నుంచి దానంతటదే వచ్చేసింది: తకిట తకిట తక తక తక. మూడు, మూడు, రెండు, రెండు, రెండు. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ చెప్పమంది. నేను చెబుతుంటే ఆవిడ చప్పట్లు వేసింది, ఆవిడ వేస్తుంటే నేను చెప్పాను. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. అయినా ఆ మధ్యాహ్నం చాలాసేపు మాట్లాడుకున్నాం. సాయంత్రం కొరియోగ్రాఫర్‌కు చూపించాం. మీ 8 మూడుసార్లు అయితే మా 12 రెండుసార్లు అవుతుంది, 24 దగ్గర అందరం కలుస్తాం అని. ఆయన ముఖం వెలిగిపోయింది.

కానీ ముగింపు దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. ఫ్లామెంకోలో లయ వాక్యం సాధారణంగా 10 దగ్గర ముగుస్తుంది. మనకు ముక్తాయింపు, అంటే ముగించే అడుగుల వరస, సమం మీద పడాలి, అంటే తర్వాతి చక్రం మొదటి దెబ్బ మీద, వాళ్ళ లెక్కలో 12 మీద. ఆవిడ ఆగాక నాకింకా రెండు కౌంట్లు ఉంటాయి. "ఇద్దరూ ఒకేసారి ఆగాలి, 10 మీద లైటు ఆర్పేస్తాను" అన్నారు ఆయన. నా ముక్తాయింపు పూర్తి కాదండీ అంటే "చూసేవాళ్ళకు అంత తెలీదు" అన్నారు. నాలుగు రిహార్సల్స్‌లో నా చివరి అడుగు చీకట్లో పడింది. ముక్తాయింపు కట్టి సమానికి ముందే ఆపేయమంటే నర్తకికి ఎలా ఉంటుందో ఆయనకు ఎలా చెప్పాలో తెలియక ఏడుపొచ్చింది.

చెప్పింది ఆవిడే. ఐదోసారి 10 దగ్గర ఆగి, కదలకుండా, నా వైపే చూస్తూ నిలబడింది. లైటు ఆరాక ఆయనతో "ఆమె వాక్యం ఇంకా అవలేదు, లైటెలా తీస్తారు?" అంది. ఆయన మళ్ళీ చేయమన్నారు, ఈసారి లైటు ఉంచి. 10 దగ్గర ఆవిడ ఆగింది. రెండు కౌంట్ల నిశ్శబ్దం. 12 మీద నా పాదం పడింది. ఆయన ఏమీ అనలేదు. లైట్ల అబ్బాయి దగ్గరకు వెళ్ళి క్యూ మార్పించారు. మూడు ప్రదర్శనలు ఇచ్చాం. మూడుసార్లూ ఆవిడ ఆగినప్పుడు హాల్లో ఒక్క చప్పట్టు లేదు. నా పాదం పడ్డాకే కొట్టారు. తాళం పేరు కూడా తెలియని వాళ్ళు అది ఎక్కడ పూర్తయిందో కనిపెట్టారు. అందుకే "చూసేవాళ్ళకు తెలీదు" అని ఎవరన్నా నేనిక నమ్మను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కథక్‌నూ ఫ్లామెంకోనూ కలిపి బ్రిటన్ నర్తకుడు అక్రమ్ ఖాన్, స్పెయిన్ ఫ్లామెంకో నర్తకుడు ఇజ్రాయెల్ గాల్వాన్ 2014లో 'తోరోబాకా' చేశారు. గాయకులు, వాద్యకారులు వాళ్ళతోపాటు వేదిక మీదే ఉంటారు. అక్రమ్ ఖాన్ చిన్నప్పటి నుంచి కథక్ సాధన చేసి, ఆ తర్వాత కాంటెంపరరీ చదువుకుని, 2000లో సొంత కంపెనీ పెట్టిన మనిషి. రెండూ ఆయన ఒంట్లోనే ఉన్నాయి, కాబట్టి ఎవరితో కలిసినా తడబాటు ఉండదు. ఇలాంటివి చూసి మనవాళ్ళు వెంటనే "ఫ్లామెంకో మన కథక్ నుంచే పుట్టింది" అనేస్తారు. ఫ్లామెంకోను పెంచిన వాళ్ళలో ఉన్న రోమా (జిప్సీ) జనుల మూలాలు భారతదేశంలో ఉన్నమాట నిజమే, వాళ్ళ భాషే అందుకు సాక్ష్యం. కానీ ఫ్లామెంకో అన్న కళ తయారైంది దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలో, ఎన్నో రకాల జనం కలిసి బతికిన చోట. మా ఇద్దరి లెక్కలు కలిశాయంటే ఇద్దరం లెక్క మీద ప్రాణం పెట్టేవాళ్ళం కాబట్టి. అంతా మన నుంచే పోయిందనుకుంటే ఎదుటివాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది?

క్లాసు సంగతి ఊరికే అనడం లేదు. తైవాన్‌లో లిన్ హ్వాయ్-మిన్ 1973లో మొదలుపెట్టిన క్లౌడ్ గేట్ బృందాన్ని తీసుకోండి. అక్కడి నర్తకులు బ్యాలే, మోడర్న్ డాన్స్‌తోపాటు తై-చీ, ధ్యానం, యుద్ధవిద్యలు కూడా అభ్యాసం చేస్తారు. అందుకే వాళ్ళు వేదిక మీద నెమ్మదిగా ఒక కాలు ఎత్తినా అది ఎక్కణ్ణుంచో తెచ్చి అతికించినట్టు ఉండదు. ఆస్ట్రేలియాలో 1989లో మొదలైన బంగారా బృందం ఆదివాసీ కథలను తీసుకునేటప్పుడు ఆ కథ ఏ సమూహానిదో వాళ్ళ పెద్దల అనుమతి అడుగుతుంది. మన దగ్గర కొరియోగ్రాఫర్ చంద్రలేఖ 1985లో 'అంగిక'లో భరతనాట్యాన్నీ కేరళ యుద్ధవిద్య కలరిపయట్టునూ పక్కపక్కన నిలబెట్టారు. 2012లో ఒడిస్సీ చేసే నృత్యగ్రామ్ బృందం వాళ్ళు శ్రీలంక చిత్రసేన బృందంతో 'సంహార' చేశారు. ఒడిస్సీ, శ్రీలంక క్యాండీ నృత్యం నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. మధ్యలో పాశ్చాత్య కాంటెంపరరీ దుభాషిగా కూర్చోలేదు. ఆధునికంగా ఉండాలంటే ఆ ఒక్క దారే ఉందని చాలా బృందాలు అనుకుంటాయి. అది పెద్ద పొరపాటు.

లైట్ల గురించి కూడా చెప్పకుండా ఉండలేను. కాంటెంపరరీలో లైట్లు ఎక్కువగా పక్క వింగుల నుంచి, అదీ తక్కువ ఎత్తు నుంచి కొడతారు. శరీరపు రేఖ అద్భుతంగా కనిపిస్తుంది, కాదనను. కానీ ముఖం సగం చీకట్లో పోతుంది. కళ్ళే కనబడకపోతే అభినయం ఎవరికి? ముందు నుంచి ఒక్క లైటు ఇమ్మని అడిగితే "మూడ్ పోతుంది" అన్నారు. గజ్జెల విషయంలోనూ అంతే. సంగీతం రికార్డు చేసిందే వాడారు, దాని మీద గజ్జెల శబ్దం అడ్డొస్తోందని విప్పేయమన్నారు. మృదంగం మనిషి ఒక్కడుంటే ఆ శబ్దాన్ని కలుపుకుని వాయించేవాడు. డబ్బుల్లేవన్నారు, వీడియో తెరకు మాత్రం దొరికాయి. చివరికి రెండు వరసలు తగ్గించి కట్టుకున్నాను.

ఇంతా చెప్పాక, సంప్రదాయం పాడవుతుందన్న భయం గురించి. మనం ఈరోజు చూస్తున్న కూచిపూడి కూడా ఒకప్పుడు మగవాళ్ళు మాత్రమే ఆడిన యక్షగానమే కదా. ఆడవాళ్ళు రావడం, ఒక్కరే నిలబడి కచేరీ చేయడం 20వ శతాబ్దంలో స్థిరపడ్డాయి. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి, పెద్ద వేదికలకు తగ్గట్టు అడుగులనూ నృత్యనాటకాలనూ తీర్చిదిద్దారు. ఆయనకు ఏది మార్చాలో తెలుసు, ఎందుకంటే ఏది ఉందో పూర్తిగా తెలుసు. మీ అమ్మాయి పదేళ్ళు నేర్చుకుంది కాబట్టి నాకు ధైర్యంగానే ఉంది. రెండేళ్ళు నేర్చుకుని వెళతానంటే వద్దనేదాన్ని.

ఆడిషన్ రోజున మూడు విషయాలు అడగమనండి: పొద్దున క్లాసు ఎవరు చెబుతారు, ఒక కొత్త అంశానికి ఎన్ని వారాల రిహార్సల్ ఇస్తారు, సంగీతం వేదిక మీద ఉంటుందా రికార్డా. యుగళానికి మూడు వారాలకు తక్కువ అంటే నేనైతే ఒప్పుకోను. మాకు ఆ ముక్తాయింపు ఒక్కటే కుదరడానికి పదకొండు రోజులు పట్టింది. గజ్జెలు కట్టుకునే వెళ్ళమనండి. విప్పమంటే, ఎందుకో అడిగాకే విప్పమనండి.