బాధ్యత, జవాబుదారీ, పూచీ

సందేహం: నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఇంగ్లీషు ఉత్తర్వులను తెలుగు చేస్తుంటాను. ‘రెస్పాన్సిబుల్’, ‘అకౌంటబుల్’, ‘లయబుల్’ అనే మూడు మాటలు తరచు ఒకే వాక్యంలో వస్తాయి. మూడింటికీ ‘బాధ్యత’ అనే మాటే తోస్తున్నది. మొన్న ఒక ఉత్తర్వులో, “పంచాయతీ కార్యదర్శి నిధుల వ్యయానికి బాధ్యత మరియు జవాబుదారీతనం మరియు బాధ్యత కలిగి ఉంటారు” అని రాసి, చదువుకుంటే నాకే నచ్చలేదు. ఈ మూడింటికీ నిజంగా తేడా ఉందా? ‘జవాబుదారీ’ ఉర్దూ నుంచి వచ్చింది కనుక దాన్ని వదిలివేయవచ్చా?

సమాధానం: తేడా ఉంది. దాన్ని చెప్పడానికి తెలుగులో మాటలూ ఉన్నాయి. ముందుగా మీ కార్యాలయానికి దగ్గరి ఉదాహరణతోనే చూద్దాం. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ జరిగినప్పుడు చివరి రోజున మండలంలో ప్రజావేదిక పెడతారు. పనికి వచ్చిన కూలీల పేర్లు మస్టరులో సరిగా ఎక్కించడం ఫీల్డ్ అసిస్టెంటు బాధ్యత. వేదిక ముందు నిలబడి, “నేను ఆ వారం పనికే పోలేదు, నా పేరెలా వచ్చింది?” అని ఒక కూలీ అడిగినప్పుడు దానికి సమాధానం చెప్పవలసి రావడం జవాబుదారీ. తప్పు రుజువై, ఆ డబ్బు తిరిగి కట్టమని రికవరీ రాస్తే, ఆ కట్టవలసి రావడం ఇంగ్లీషువారు ‘లయబిలిటీ’ అనేది. మనిషి ఒకడే, మస్టరు ఒకటే, కానీ మొదటిది పని చేయవలసినప్పటి మాట, రెండవది అడిగినప్పటి మాట, మూడవది నష్టం భరించవలసినప్పటి మాట.

ఇంగ్లీషు ‘రెస్పాన్సిబుల్’ అనే మాటకు మూలం లాటిన్‌లో జవాబు చెప్పడం అనే అర్థం గల క్రియ. ఆ క్రియలో ఉన్న ‘స్పొందేరె’ అనే భాగానికి మాట ఇవ్వడం, పూచీ పడడం అని అర్థం; ‘స్పాన్సర్’ అనే మాట కూడా దాని నుంచి వచ్చినదే. ‘అకౌంటబుల్’ లెక్క చెప్పడం నుంచి వచ్చింది. అప్పగించిన పనికి లెక్క ఒప్పజెప్పడం అనే భావం మనకు కొత్తది కాదు. తెలుగు బైబిలులో, ప్రతివాడూ తన్ను గురించి దేవునికి ‘లెక్క యొప్పగింపవలెను’ అన్న వాక్యం చదివినవారికి ఈ మాట బలం వెంటనే తెలుస్తుంది. అదే అనువాదంలో ‘ఉత్తరవాది’ అనే చక్కటి మాట కూడా ఉంది. ఉత్తరమంటే జవాబే కదా.

ఇక మన ‘బాధ్యత’ సంగతి. సంస్కృతంలో ‘బాధ్’ ధాతువుకు ఒత్తిడి చేయడం, అడ్డగించడం, పీడించడం అని అర్థాలు. హిందీలో నేటికీ ‘బాధ్య’ అంటే నిర్బంధానికి లోనైనవాడని అర్థం; మన బాధ్యతకు వారు వాడేది ‘ఉత్తరదాయిత్వ’ లేదా ‘జిమ్మేదారీ’. తెలుగులో మాత్రం ‘తప్పించుకోలేనిది’ అన్న భావం ‘నెరవేర్చవలసినది’ అన్న భావంగా స్థిరపడింది. అంటే ‘బాధ్యత’ రూపంలో సంస్కృతమైనా అర్థంలో మనదే.

‘జవాబుదారీ’ విషయానికి వస్తే, అందులో ‘జవాబు’ అరబీ, ‘దార్’ పారసీ. మరాఠీలోనూ కన్నడలోనూ ఇదే మాట బాధ్యత మొత్తానికీ చెల్లుతుంది. మన భాషలో అది ఒకరికి జవాబు చెప్పవలసి ఉండడమనే సన్నని అర్థానికి పరిమితమైంది. అలా ఏర్పడిన తేడా భాషకు లాభమే కనుక ఈ మాటను వదిలివేయమని నేను చెప్పను. జవాబు, హామీ, జామీను మనకు పరాయి మాటలు కావు. అయితే ‘జవాబుదారు’ మనిషి, ‘జవాబుదారీ’ ఆ మనిషి స్థితి. జమీందారు, జమీందారీ వంటి జంట ఇది. పారసీ ‘ఈ’ ప్రత్యయం ఒకసారి భావాన్ని చెప్పిన తరువాత ‘తనం’ చేర్చడం అదనమే. వాడుకలో నిలిచిపోయింది కనుక ‘జవాబుదారీతనం’ తప్పని అనలేము గాని, ‘జవాబుదారీ’ అంటే చాలు.

అసలు చిక్కు విభక్తిలో ఉంది. మీవంటి అనువాదకులు దీన్ని గమనించాలని నా కోరిక. ‘ప్రమాదానికి బాధ్యుడు’ అన్నప్పుడు ‘కి’ ప్రత్యయం జరిగిన సంగతికి చేరింది. ‘ప్రజలకు జవాబుదారు’ అన్నప్పుడు ‘కు’ అడిగే హక్కున్న మనుషులకు చేరింది. ఇంగ్లీషువారు ఈ భేదాన్ని ‘ఫర్’, ‘టు’ అనే రెండు వేరు మాటలతో చూపగలరు. మనకు రెండు చోట్లా ఉన్నది ఒకే విభక్తి కనుక భేదాన్ని నామవాచకమే మోయాలి. రాజ్యాంగం 75వ అధికరణం మూడవ ఖండంలోని నియమాన్ని పాఠ్యపుస్తకాలలో “మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది” అని రాయడం కనిపిస్తుంది. ఇంటికి పెద్దకొడుకు బాధ్యత వహించినట్లు మంత్రులు లోక్‌సభ బాగోగులు చూసుకుంటారని ఒక విద్యార్థి అనుకుంటే తప్పు ఆ విద్యార్థిది కాదు. “మంత్రిమండలి సమష్టిగా లోక్‌సభకు జవాబుదారీగా ఉండాలి” అంటే ఎవరు అడుగుతారో, ఎవరు చెప్పాలో స్పష్టంగా ఉంటుంది.

1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా మరణించినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోతే నెహ్రూ అంగీకరించలేదు. నవంబరులో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు ప్రమాదం తరువాత శాస్త్రి మళ్లీ ఇచ్చారు. ఈసారి అంగీకరిస్తూ, ప్రమాదంలో ఆయన దోషం ఉన్నందుకు కాదని నెహ్రూ స్పష్టం చేశారు. శాస్త్రి ప్రమాదానికి బాధ్యుడు కాదు, పార్లమెంటుకు జవాబుదారు. ‘నైతిక బాధ్యత’ అని పత్రికలు రాసేది దీన్నే. ఆ మాటలో ‘నైతిక’ అన్న విశేషణం లేకపోతే ఆయన్ను నేరస్థుణ్ణి చేసినట్లే ఉంటుంది, ఎందుకంటే ‘బాధ్యులపై చర్యలు’ అనే వాడుక వల్ల ‘బాధ్యుడు’ అన్న మాటకు దోషి ఛాయ బాగా పట్టింది.

మూడవదైన ‘లయబుల్’ మాటకు ‘బాధ్యత’ అన్ని చోట్లా అతకదు. జమాఖర్చులలో ‘లయబిలిటీస్’ అంటే అప్పులే. ‘ఆస్తి అప్పుల పట్టీ’ అని కామర్సు పాఠాలు చెప్పనే చెప్పాయి. ఇతరుల తరఫున నష్టం భరిస్తానని ఒప్పుకుంటే అది పూచీ. ‘సొంత పూచీకత్తుపై విడుదల’ అని రోజూ చదువుతూనే ఉన్నాం. హామీకీ పూచీకీ కూడా తేడా ఉంది: హామీ ఇచ్చినవాడు మాట ఇస్తాడు, పూచీ పడ్డవాడు మాట తప్పితే సొమ్ము కడతాడు. శిక్షకు ‘లయబుల్’ అని వస్తే ‘శిక్షార్హుడు’ అనే మాట ఉండనే ఉంది.

ఇంకొక వాడుక ఈ మధ్య బాగా కనిపిస్తున్నది, అది నాకు బాధ కలిగిస్తున్నది: “ఈ జన్యువు కంటి రంగుకు బాధ్యత వహిస్తుంది.” జన్యువు ఏ బాధ్యతా వహించదు. తెలుగులో బాధ్యత మనిషికి, మనుషుల సంస్థకు మాత్రమే ఉంటుంది. ప్రాణం లేనివాటికి ‘కారణం’ చాలు. “కంటి రంగు ఈ జన్యువును బట్టి ఉంటుంది” అనడం ఇంకా సహజం.

మీ ఉత్తర్వులోని వాక్యానికి వస్తే, మూడు నామవాచకాలను ‘మరియు’లతో కూర్చి ‘కలిగి ఉంటారు’ అని ముగించే బదులు క్రియలతో విడదీయండి: “నిధులను నియమాల ప్రకారం ఖర్చు చేయడం పంచాయతీ కార్యదర్శి బాధ్యత. ఆ ఖర్చుకు వారు గ్రామసభకు, పై అధికారులకు జవాబు చెప్పాలి. వారి లోపం వల్ల నష్టం జరిగితే ఆ మొత్తాన్ని వారే భరించాలి.”