శాటిలైట్లు ఉండగా ధ్రువాల ఐస్‌కి ఇంకా మనుషులు చిల్లులు పెట్టడం ఎందుకు?

సముద్రం మీద తేలే ఐస్‌ని శాటిలైట్లు చూస్తూనే ఉన్నాయి కదా, మనుషులు వెళ్ళి డ్రిల్ చేయడం దేనికి అని అడిగారు. ఆ చిల్లులు పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. సైంటిస్టుని కాదు, డీజిల్ మెకానిక్‌ని. మాది విశాఖ మల్కాపురం. అంటార్కిటికాలో మన భారతి స్టేషన్‌కి ఓ వేసవి పనికెళ్ళాను.

ముందు ఒక మాట. తెలుగుతో ఇదో బాధ. అరకులో పొద్దున్నే కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి పడేదీ మంచే, గడ్డకట్టిందీ మంచే. నేను మాత్రం గడ్డని ఐస్ అని, దాని మీద పడేదాన్ని మంచు అని రాస్తున్నా.

ఓడ నుంచి సామాను ఐస్ మీదుగా బళ్ళలో దించాలి. బండి ఎక్కే ముందు మందం చూడాలి. వడ్రంగి బరమాని పొడుగ్గా సాగదీసినట్టుండే ఆగర్‌తో చిల్లు పెట్టి, టేపు వదులుతాం. చివరనున్న లోహపు ముక్క ఐస్ అడుగున అడ్డం తిరిగి పట్టుకుంటుంది. లాగి చదవడమే.

ఒక చోట ఆగర్ దిగబడగానే నీళ్ళు బుడబుడమని పైకొచ్చి నా బూట్ల చుట్టూ మంచుని తడిపేశాయి. కొలిస్తే ఐస్ 1.4 మీటర్లు, మీద మంచు 60 సెంటీమీటర్లు. ఆ మంచు బరువుకి ఐస్ పైభాగం నీటి మట్టానికి 5 సెంటీమీటర్లు కిందికి దిగిపోయింది!

అసలు సంగతి ఇక్కడే ఉంది. 2010లో వెళ్ళిన క్రయోశాట్-2 లాంటి రాడార్ శాటిలైట్లు నీటిపైన తేలిన ఎత్తు చూసి కింద మందం లెక్కగడతాయి. పైన ఒక్క సెంటీమీటరు తప్పితే కింద దాదాపు పది తప్పుతుంది. ఐసే నీళ్ళలో మునిగి, పైన ఉప్పునీళ్ళతో తడిసిన మంచు బురదలా ఉంటే రాడార్ దేన్ని చూసి చెబుతుంది? నన్నడిగితే టేపు ముందు ఏ శాటిలైటూ పనికిరాదు.

విస్తీర్ణం సంగతి వేరు. 1978 నుంచి మైక్రోవేవ్ శాటిలైట్లు మబ్బులోనూ చీకట్లోనూ కొలుస్తున్నాయి. కాకపోతే సముద్రాన్ని గడులుగా విడగొట్టి చూస్తారు, గడిలో 15 శాతం ఐస్ ఉంటే చాలు, గడంతా లెక్కలో పడిపోతుంది. మధురవాడ బిల్డర్ల సూపర్ బిల్టప్ ఏరియా గుర్తొచ్చింది నాకు. కార్పెట్ ఏరియా లెక్క, అంటే గడిలో ఉన్న ఐస్ వరకే లెక్కేసేది, కూడా విడిగా ఉందిలెండి.

తిరిగొచ్చాక, ఫిషింగ్ హార్బర్ ఐస్ ఫ్యాక్టరీలో చేసే మా చిన్నాన్న, "ఏటిరా, ఆ ఐసంతా కరిగితే మన ఆర్కే బీచ్ ములిగిపోద్దా?" అన్నాడు. తేలే ఐస్ కరిగితే మట్టం పెద్దగా పెరగదు, నేల మీదున్నది కరిగి వస్తేనే గొడవ అన్నాను. నమ్మలేదు. స్టీలు గ్లాసులో ఐస్ ముక్క వేసి, అంచుదాకా నీళ్ళు పోసి ఎదురుగా కూర్చున్నాడు. ముక్క మొత్తం కరిగింది, చుక్క పొర్లలేదు. గ్లాసెత్తి తాగేసి, "అయితే ఆ చిల్లులకి ఎంతిచ్చారు?" అన్నాడు.

ఎక్స్‌ట్రా ఇస్తానన్న కాంట్రాక్టరు ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు.