షెల్టర్‌కు వెళ్తానంటున్న అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. నిలువ నీడ లేనివారు తలదాచుకునే షెల్టర్‌లో వారానికి మూడు సాయంత్రాలు సేవ చేస్తానంటోంది. చదువు దెబ్బతింటుందని నా భయం. తాగేవాళ్లూ రోగులూ ఉండే చోటికి ఆడపిల్లను ఎలా పంపుతామని వాళ్లమ్మ బెంగ. దీనివల్ల రేపు ఉద్యోగానికేమైనా ఉపయోగం ఉంటుందా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పంపండి. కాకపోతే వారానికి మూడు సాయంత్రాలు వద్దు, ఒక్కటి చాలు. ఆ ఒక్కటీ ఏడాది పొడవునా తప్పకూడదు. అంత మాట ఇవ్వలేనంటే అసలు మొదలుపెట్టవద్దని చెప్పండి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. డిగ్రీలో ఉండగా ఆదివారాలు ఒక షెల్టర్‌కు వెళ్లేవాణ్ని. అక్కడ ఒక పెద్దాయన దగ్గర ప్లాస్టిక్ కవరు ఉండేది. దాన్ని మూడు మడతలు పెట్టి రబ్బరు బ్యాండు వేసుకునేవాడు. లోపల పాత రేషన్ కార్డు జిరాక్సు, ఆసుపత్రి ఓపీ చీటీ, కూతురి పెళ్లి శుభలేఖ. పింఛనుకు దరఖాస్తు రాసిపెడతానని ఆయనకు చెప్పాను. ఇంతలో పరీక్షలొచ్చాయి, అయిదు వారాలు వెళ్లలేదు. మళ్లీ వెళ్లేసరికి ఆయన లేడు. ప్రతి ఆదివారం తల దువ్వుకుని, కవరు పట్టుకుని గేటు దగ్గర కూర్చునేవాడని కేర్ టేకర్ చెప్పాడు. అయినవాళ్లే వదిలేసిన మనిషిని నేను కూడా మరోసారి వదిలేసినట్టయింది. పరీక్షలున్నాయని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

సేవ అనగానే చాలామందికి అన్నం వడ్డించడం గుర్తుకొస్తుంది. షెల్టర్లలో నిజంగా మనిషి తక్కువపడేది కాగితాల పనికి. ఆధార్ లేనిదే పింఛను రాదు, బ్యాంకు ఖాతా కష్టం. చిరునామా లేనివారికి ఆధార్ ఎలా? గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకులు ఇచ్చే ధ్రువపత్రాన్ని చిరునామా రుజువుగా తీసుకుంటారు. ఈ సంగతి అక్కడ ఉండే చాలామందికి తెలియదు. ఏళ్ల తరబడి సిమెంటు పని చేసినవారి వేలిముద్రలు అరిగిపోతాయి. యంత్రం రెండుసార్లు కాదనగానే వాళ్లు లేచి వచ్చేస్తారు. పక్కన చదువుకున్న పిల్ల ఒకరుంటే, కనుపాపలతో ప్రయత్నించండని అడుగుతుంది. ఒక మనిషి కాగితం చేతికొచ్చేదాకా నాలుగు ఆఫీసుల చుట్టూ వెంట ఉండటం చిన్న విద్య కాదు. తరగతిలో అది రాదు.

ఇక వాళ్లమ్మ బెంగ. అది అర్థం లేనిదని నేననను. తాగి వచ్చేవారు ఉంటారు, నిజమే. కానీ ఎక్కువమంది అడ్డా కూలీలు, హోటళ్లలో గిన్నెలు తోమేవారు, ఇంట్లో చోటు లేకుండాపోయిన ముసలివాళ్లు. పెద్దాసుపత్రుల దగ్గరి షెల్టర్లలో రోగుల వెంట వచ్చినవారుంటారు. ఆడవాళ్లకు వేరుగా షెల్టర్లున్నాయి, మీ అమ్మాయి అలాంటి చోటే ఎంచుకోవాలి. స్నేహితురాలితో కలిసి వెళ్లాలి, చీకటి పడకముందే హాస్టల్‌కు చేరాలి. సొంత ఫోన్ నంబరు ఇవ్వకూడదు, డబ్బు అప్పివ్వకూడదు, ఎవరి ఫొటో తీయకూడదు. ఒంటరిగా పిల్లలు కనబడితే తనే ఏదో చేయబోకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి. మనసు చెదిరినవారి విషయంలో టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది.

రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారి దగ్గర మాస్కు పెట్టుకోవాలి, వారిని క్షయ పరీక్షకు పంపాలి. ఈ విషయం మైక్రోబయాలజీ విద్యార్థికి నేను చెప్పనక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితమే. మామూలు క్షయకు ఆరు నెలలు రోజూ మందు వేసుకోవాలి. రాత్రికో చోట పడుకునే మనిషి ఆ మాత్రలు ఎక్కడ దాచుకుంటాడు? మీ అమ్మాయి పుస్తకంలో చదివే క్రిమి ఆ మనిషిలో ఎందుకు చావడం లేదో అక్కడ తెలుస్తుంది.

ఉపయోగం గురించి అడిగారు. ప్రజారోగ్యం వైపు మనసు పోతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ఉంది. సోషల్ వర్క్ అయితే ఉస్మానియా, రోడా మిస్త్రీ కళాశాల ఉన్నాయి. అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఇలాంటి కోర్సుల ఇంటర్వ్యూల్లో 'పేదలకు సేవ చేశాను' అంటే ఎవరూ తలెత్తరు. 'పద్నాలుగు నెలలు ప్రతి శనివారం వెళ్లాను, ఆరుగురికి ఆధార్ వచ్చింది, ఇద్దరికి రాలేదు, ఎందుకు రాలేదంటే' అని మొదలుపెడితే వింటారు. అందుకని తేదీలతో ఒక నోటుపుస్తకం రాసుకోమనండి, పేర్లు మాత్రం రాయకుండా. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ ఉంటే, రెండేళ్లలో చేయవలసిన 240 గంటల్లో దీన్ని కలుపుతారేమో ప్రోగ్రామ్ ఆఫీసరును ముందే అడగాలి. అయితే ల్యాబ్ ఉద్యోగానికి ఇది నేరుగా పనికొస్తుందని నేను చెప్పను. దానికి మార్కులూ ల్యాబ్ పనీ కావాలి.

షెల్టర్లు ఎక్కడున్నాయో జీహెచ్ఎంసీలో పట్టణ పేదల పనులు చూసే యూసీడీ విభాగంలో చెబుతారు. లక్ష జనాభాకు కనీసం వంద మందికి షెల్టర్లలో చోటు ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ లెక్క పెట్టింది కాబట్టి, సెలవుల్లో మీ ఊళ్లోనూ పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కార్యాలయంలో అడగవచ్చు.

మొదటి రోజు మీరూ వాళ్లమ్మా వెంట వెళ్లండి, పగటి పూట. కేర్ టేకర్‌తో మాట్లాడండి. వచ్చిపోయేవారి రిజిస్టరు రాస్తున్నారా, సాయంత్రం మహిళా సిబ్బంది ఎవరుంటారు అని అడిగి చూడండి. ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే మరో షెల్టర్ వెతకండి. దగ్గర్లో సెమిస్టర్ పరీక్షలుంటే అవి అయ్యాకే మొదలుపెట్టమనండి.